మంచి ముక్కను విడుచుట

"పోగొట్టుకొన్నచోటనే వెదకుకొనవలెను" అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఉంగరము జారిపోయినప్పు డిది చక్కని మాటయే. చెరువుగట్టున జారినదానిని వీధియరుగుమీద వెదకినచో దొరకదు గదా. కాని మనవారు దీనిని ఉంగరములకన్న సొమ్మునుగూర్చియే యెక్కువగా వాడుదురు. పేకాటలో నోడినవాడు మరల పేకాటకే పోవును. వ్యాపారమున నష్టపడినవాడు ఆ వ్యాపారములోనే మరికొంత పోయును. వ్యాజ్య మోడినవాడు పైకోర్టుకు పోవును. ఏల యని యడిగినచో అందరును చెప్పునది యీ సామెతయే. ఉంగరము పడినచోట ఉంగర ముండును. సొమ్ము పోయినచోట సొమ్ముండునా? ఈ ప్రశ్న సామెతలో లేదు. దీనికి సమాధానము నాకు దొరకినది ఒక పేకాటవలన ననినచో చదువరులలో కొందరు నవ్వుదురు, కొందరు కోపింతురు. ఉభయులను కొంచె మోర్చుకొన వేడుచున్నాను.

పేకాటను పొగడుట నా యుద్దేశము గాదు. పేకముక్కలచే చెడిన కుటుంబములు నే నెరిగినవే పెక్కు కలవు. సొమ్ము పెట్టి జూదమాడుటను 1974 నాటి గేమింగు చట్టము నిషేధించినది. రమ్మీ నేర్పుతో గూడిన యాటయని 1967లో సర్వోన్నత న్యాయస్థానము సికింద్రాబాదులోని యొక క్లబ్బు వ్యాజ్యమున తీర్పు చెప్పియుండుటచే, ఆ యాటకు చాలకాలము మినహాయింపు చెల్లెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, అంతర్జాలముమీద సొమ్ము పెట్టి యాడు రమ్మీనిగూడ మాన్పించినది. 2025లో కేంద్రప్రభుత్వము అట్టి యాటలను దేశమంతటను నిషేధించుచు చట్టము చేసెను. ఇవన్నియు మేలైన పనులే. అయినను ఆ 1967 నాటి తీర్పులో గమనింపదగిన యంశ మొకటి కలదు. రమ్మీలో నేర్పెక్కడ నున్నదని విచారించి, పడిపోయిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయందును, ఏ ముక్కను ఉంచుకొనవలెనో దేనిని పారవేయవలెనో నిర్ణయించుటయందును ఉన్నదని న్యాయమూర్తు లనిరి. ఉంచుకొనుటయే కాదు, విడుచుటయు నేర్పే యని దేశములోని పెద్ద న్యాయస్థానమే యొప్పుకొన్నదన్నమాట.

మాది రంగారెడ్డి జిల్లాలోని షాబాదు. బడిపంతులమ్మగా పనిచేసి విరమించిన పిమ్మట నేను హైదరాబాదున నుండినను, పండుగలకు మా యన్నగారి యింటికే పోవుచుందును. ఒక దసరా సెలవులలో వాన ముసురుపట్టి యందరము ఇంటనే చిక్కుకొంటిమి. అప్పుడు కంప్యూటరు కొలువున నున్న మా యన్న కొడుకు, అమెరికాలో పుట్టిన యొక యాటను మాకు నేర్పెను. దాని పేరు హోల్డెమ్. అది పోకరులో నొక భేదము. టెక్సాసు రాష్ట్రమున 20వ శతాబ్దపు తొలినాళ్లలో పుట్టినదందురు. మాకు రూకలతో పనిలేదు. మా వదినె వంటింటినుండి చేటెడు చింతగింజలు తెచ్చి తలకింతయని పంచిపెట్టెను.

ఆట తీరు కొంచెము చెప్పవలెను. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుదురు. వానిని ఇతరులు చూడరాదు. పిమ్మట నడుమ మూడు ముక్కలను తెరచి పెట్టుదురు. అటుపిమ్మట ఒకటి, చివర మరియొకటి. ఆ యైదును అందరికి నుమ్మడి. తన రెండింటిని ఆ యైదింటితో కలిపి యెవరు మేలైన కూర్పు చూపుదురో వారిది గెలుపు. ముక్కలు పంచినప్పుడును, నడుమ ముక్కలు తెరచిన ప్రతిసారియు పందెము వేయవలెను. ఇష్టము లేనివారు ముక్కలు క్రింద పెట్టి తొలగిపోవచ్చును. మేమాడినది హద్దుపందెపు టాట. అనగా మొదటి రెండు వరుసలలో రెండేసి గింజలు, చివరి రెండు వరుసలలో నాలుగేసి గింజలు. పెంచువారు అంతేసియే పెంచవలెను గాని యొక్కసారిగా ఉన్నదంతయు ఒడ్డుటకు వీలులేదు. ధర్మరాజు ఈ యాట యాడియుండినచో రాజ్యమును ఒక్కనాడే పోగొట్టుకొనక పదిదినములలో పోగొట్టుకొనియుండునని మా యన్న నవ్వెను. ఆ నవ్వులోని మాట యెంత నిజమో అప్పుడు మా కెవరికిని తోచలేదు.

ఒక యాటలో నాకు ఇస్పేటు రాజును, ఆఠీను రాజును వచ్చెను. 52 ముక్కలలో రెండింటిని 1326 విధములుగా ఏరవచ్చును. వానిలో రాజుల జతలు 6 మాత్రమే. అనగా 221 ఆటల కొక్కమారు వచ్చు భాగ్యము. నేను వెంటనే పందెము పెంచితిని. నలుగురము తలకు నాలుగేసి గింజలు పెట్టితిమి. నడుమ తెరచిన మూడింటిలో ఒకటి ఆసు. ఆసు రాజుకన్న పెద్దది. ఎవరి చేతిలోనైన నింకొక ఆసున్నచో నా రాజులు ఓడినట్లే. ఇట్టిది అరుదు గాదు. రాజుల జత చేతనున్నప్పుడు ఆ మొదటి మూడు ముక్కలలో ఆసు కనబడుట నూటికి సుమారు 23 పర్యాయములు జరుగును. అయినను నేను రెండు గింజలు పెట్టితిని. ఇద్దరు తొలగిరి. వదినె మాత్రము రెండు పెట్టి నిలిచెను. నాలుగవ ముక్క తొమ్మిది. నేను నాలుగు పెట్టగా, అంతవరకు మెదలక కూర్చున్న వదినె ఎనిమిది చేసెను. నేను తక్కిన నాలుగును కలిపితిని. అయిదవ ముక్క వట్టి రెండు. నే నూరకుంటిని. వదినె నాలుగు గింజలు ముందుకు నెట్టెను.

అప్పటికి నడుమ కుప్పలో 40 గింజలున్నవి. నేను 4 గింజలు పెట్టి ఆమె ముక్కలు చూడవలెను, లేదా నా రాజులను క్రింద పెట్టవలెను.

నేను చేతిలోని ముక్కలవంక చూచుచుండగా మేనల్లు డనెను: "అత్తమ్మా, నీ రాజులను కొంచెముసేపు మరువుము. అవి మంచివా యనుట కాదు ప్రశ్న. నాలుగు పెట్టి నలుబది తెచ్చుకొనవచ్చును. పదిమార్లోడి నాలుగేసి పోగొట్టుకొన్నను, పదునొకండవమారు గెలిచినచో చెల్లుకు చెల్లు. కావున పదునొకండింట ఒక్కమారైన అమ్మ చేతిలో ఆసు లేకుండునా? అంతమాత్రమే యాలోచింపుము."

నేను వదినెను జూచితిని. ఉదయము ఆమె రాణుల జతకే మురిసి పందెము పెంచియుండెను. పదునొకండింట ఒకసారి యైన నట్లు చేయకపోదని తోచినది. నాలుగు గింజలు పెట్టితిని. ఆమె ఆసును, ఎనిమిదిని చూపెను. కుప్పయంతయు ఆమె యొడిలోనికి పోయెను. అందరును నన్ను జూచి నవ్వుచుండగా మేనల్లుడు మాత్రము, "అత్తమ్మ చేసినది సరియే" యనెను. ఓడినపని సరియైన దెట్లగునని మా యన్న యడిగెను. పని మంచిదో చెడ్డదో దాని వెలనుబట్టియు, ఆశనుబట్టియు ముందే తేలునుగాని, తరువాత తెరచిన ముక్కనుబట్టి తేలదని వాడు బదులు చెప్పెను.

అటుపిమ్మట వాడొక చిత్రమైన మాట చెప్పెను. అవే రాజులు, అదే ఆసు, ఎదుట అదే మనిషి. కాని నాలుగవ ముక్క తెరచునప్పటికి నడుమ ఆరు గింజలే యున్నవనుకొందము. ఎదుటివారు నాలుగు పెట్టి పది చేసిరి. నేను నాలుగు పెట్టవలెను. ఇప్పుడు ఏడింట రెండుమార్లైన గెలుపు నాది కావలెను. పైగా చివరి ముక్కకు మరి నాలుగు సిద్ధముగా నుంచుకొనవలెను. ఇప్పుడా రాజులను క్రింద పెట్టుటయే తగును. చేతిలోని ముక్క మారలేదు, మనిషి మారలేదు. నడుమనున్న కుప్ప మారినది. దానితో తీర్మానము మారిపోయినది.

ఇది తెలిసినవారికిని చేయుట కష్టము. 221 ఆటలకొకమారు వచ్చిన జతను, ఎదుటివారి ముక్క చూడకయే క్రింద పెట్టవలెననిన ప్రాణ మొప్పదు. ఇంతవరకు పెట్టిన గింజలు మనల వెనుకకు లాగును. "ఇప్పటికే పదునాలుగు గింజలు పెట్టితిని గదా" యని నేననగా, "అవి నీవి కావు, అత్తమ్మా. ఆట ముగియువరకు ఎవరివియు కావు. వానిని నీ నష్టముగా లెక్కింపకుము. గెలిచినవారికి వచ్చు బహుమానముగా లెక్కింపుము" అని వా డనెను. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ యను మనశ్శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన సిద్ధాంతమున, నూరు రూపాయలు వచ్చిన సంతోషముకన్న నూరు రూపాయలు పోయిన దుఃఖము మనుష్యునికి పెద్దదని నిరూపించిరి. ఆ దుఃఖమును ఒప్పుకొనలేకయే మనము మరికొంత పోగొట్టుకొందుము.

ఈ హద్దుపందెపు టాటను ఇద్దరాడు పద్ధతిలో ఒక యంత్రము ఇంచుమించు తుదముట్ట సాధించినది. కెనడా దేశమందలి ఆల్బర్టా విశ్వవిద్యాలయ పండితులు 2015లో ఆ సంగతి లోకమునకు తెలిపిరి. దాని పేరు సెఫియస్. 4800 గణకములు రెండు నెలలకుపైగా దానికై పనిచేసినవట. అది నేర్చుకొన్న విధమే నన్నాశ్చర్యపరచినది. తనతో తానే కోట్లకొలది యాట లాడుచు, ప్రతి మలుపునను "ఇట్లు గాక అట్లు చేసియుండినచో నెంత మేలగును" అని పశ్చాత్తాపమునకు పద్దు వ్రాసికొని, ఆ పద్దు తగ్గునట్లు తన నడకను దిద్దుకొనుచు వచ్చినదట. పశ్చాత్తాపము మనకును కలదు. కాని మనది దొంగపద్దు. విడిచిన ముక్క గెలిచియుండునేమో యను విచారమును పదేండ్లు తలచుకొందుము. విడువక పోగొట్టుకొన్నదానిని విధిమీద వ్రాయుదుము. యంత్రము రెండింటిని ఒకే పుటలో వ్రాసినది.

ఇంతవరకు చింతగింజల మాట. ఇక మరుసటి వేసవి మాట చెప్పవలెను.

మా యన్నకు ఊరిబయట నాలుగెకరముల చేను కలదు. చేవెళ్ల, షాబాదు ప్రాంతముల రైతులు నగరమునకు కూరగాయలు పండించి బ్రతుకువారు. నీరున్నవానికి క్యారెటు, టమాట. నీరు లేనివానికి వాన కురిసిన కంది, జొన్న. మా యన్న అంతకుముందే రెండు బోర్లు వేసి దుమ్ము చూచియుండెను. ఆ వేసవిని మూడవదానికి పూనుకొనెను. కొబ్బరికాయను అరచేత పరుండబెట్టుకొని నడచు పెద్దమనిషి ఒకచోట నిలిచి కాయ లేచినదనెను. నేలలోని విద్యుత్తు నడకను కొలుచు యంత్రము తెచ్చిన చదువుకొన్నవాడును ఆ చోటికి రెండుగజముల దూరముననే గుర్తుపెట్టెను. పాతకాలపు వాడును క్రొత్తకాలపు వాడును ఏకమైరి. మా యన్నకు రాజుల జత వచ్చినట్లయినది.

బోరుబండి సాయంకాలము వచ్చి రాత్రియంతయు త్రవ్వెను. మూడువందల అడుగులకు కొంచెము తడి పిండి వచ్చినది. అందరి ముఖములు వెలిగినవి. పిమ్మట మరల పొడిపిండియే. నాలుగువందల యేబది దాటినవి. బండివాడు యంత్రము నాపి, "ఇంకొక యేబది వేయుదునా?" యని యడిగెను. మా యన్న, "ఇంత దిగినాము గదా, వేయుము" అనెను. అయిదువందలు. మరల నదే ప్రశ్న, మరల నదే జవాబు. బండివాడు మోసగాడు కాడు. ప్రతిసారియు నిజాయితీగనే యడుగుచున్నాడు. హద్దుపందెము చేయు నపకారమే యిది. ఒక్కమారుగా రెండువందల అడుగులకు సొమ్మిమ్మనినచో ఏ రైతైన నాలోచించును. ఏబదేసి యడుగులుగా నడిగినచో ప్రతిసారియు చిన్నదిగనే తోచును.

అచ్చట నున్నవారిలో ఆ రాత్రి లెక్క అడిగినది మా వదినె యొక్కతె. చీరకొంగు ముక్కున కడ్డముపెట్టుకొని దుమ్ములో నిలువబడి, "ఇప్పటివరకు పోసిన సొమ్ము ఈ గుంతలో నున్నదా?" యని యడిగెను. మా యన్నకు అర్థము కాలేదు. "ఆ యాటలో పెట్టిన గింజలు నడుమ కనబడుచుండెను. గెలిచినవారికి వచ్చును. ఇది యెవరికి వచ్చును? నీరు పడినను ఆ నీరే వచ్చునుగాని ఈ సొమ్ము రాదుగదా" అనెను.

నేను నలుబదియేండ్లు లెక్కలు చెప్పినదానను. ఆమె పలికిన యీ భేదము పుస్తకములలో నేనంత తేటగా చదువలేదు. హద్దుపందెపు పోకరులో వరుస వరుసకు కుప్ప పెరుగును, పందెపు వెల మాత్రము హద్దు దాటదు. కావుననే అచ్చట బలమైన జతను చివరివరకు నిలుపుట తరచుగా న్యాయము. బోరులో అంతయు తలక్రిందు. గట్టిరాతి నేలలలో నీరు పైనున్న శిథిలపు పొరయందును, దాని దిగువనున్న పగుళ్లయందును నిలుచును. లోతునకు పోవుకొలది పగుళ్లు సాధారణముగా సన్నగిల్లును. అడుగు కూలియో, లోతుతోపాటు పెరుగును. వెల పెరుగుచున్నది, ఆశ తరుగుచున్నది, కుప్పలో గింజయు చేరుట లేదు. అట్టిచోట "ఇంత దిగినాము గదా" యను మాట వాదము గాదు, వట్టి నిట్టూర్పు.

ఆ సొమ్ము ఎక్కడిదో చెప్పినగాని యీ కథ పూర్తికాదు. మా యన్నకు ఇంటర్మీడియటు ముగించిన కూతురు కలదు. ఆమెను హైదరాబాదులో చదివించుటకై దాచినదానినుండియే అయిదువందల తరువాతి అడుగులకు కూలి ఈయవలసియుండెను. ఆ సంగతి యెరిగియు ఎవరును నోరెత్తలేదు. ఆ పిల్లయు ఎత్తలేదు. మన యిండ్లలో ఆడపిల్ల చదువు సొమ్ము ఎప్పుడును ఇట్లే పోవుచుండును. ఎవరును దానిని తీసివేయుదమని తీర్మానింపరు. ఏబదేసి యడుగులుగా అది తానే కరగిపోవును. తల్లి ఆ రాత్రి అది కరగనీయలేదు. అయిదువందల యేబది దగ్గర మా యన్న చేయెత్తి బండి నాపించెను.

ఇంకొక పది యడుగుల క్రింద నీరుండెనో లేదో ఎవరికిని తెలియదు. ఇక తెలియబోదు. పోకరులో ముక్కలు క్రింద పెట్టినవానికి ఎదుటివారి ముక్కలు చూపుమను హక్కులేదు. విడుచుటలోని కష్టమంతయు ఇదియే. ఓడినవానికి తానోడితినను నిశ్చయమైన నుండును. విడిచినవానికి అదియు లేదు. మా యన్న కొన్నిమాసములు ఆ చేనుగట్టున నిలిచి ఆ చోటినే చూచుచుండుట నే నెరుగుదును. ఓదార్చుటకు నా కడ మాట లేకపోయినది, లెక్క మాత్రమే యున్నది.

అయినను విడుచుటయనగా వదలి పోవుట గాదు. మరునాడే అతడు ఆ గుంతను రాళ్లతోను మట్టితోను నింపించి మూసివేయించెను. 2017 జూన్ నెలలో మా పొరుగునున్న చేవెళ్ల మండలమున తెరచియుంచిన బోరుగుంతలో పడి పసిబిడ్డ మరణించిన సంగతి ఈ ప్రాంతమున నెవరును మరువలేదు. ఆశ వదలుకొన్నవాడు దాని గుంతనుగూడ పూడ్చవలెను. లేనిచో అందులో మరియొకరు పడుదురు.

మన పూర్వులకు జూదముయొక్క కీడు మనకన్న బాగుగనే తెలియును. ఋగ్వేదము పదవ మండలమున జూదరి విలాపమొకటి కలదు. పాచికలు మాని సేద్యము చేసికొమ్మని అందులో హితవు చెప్పబడినది. ఆ ఋషికి బోరుబండి తెలియదు. సేద్యమే పందెమైన రైతుకు ఎట్టి హితవు చెప్పవలెను? దానికి సమాధానము అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానములో నున్నదని నాకు తోచుచున్నది. నలుడు జూదమున సర్వము పోగొట్టుకొని బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు తాండ్రచెట్టును జూచి దాని యాకులను కాయలను లెక్కచెప్పెను. నలుడు రథమాపి యెంచి చూడగా లెక్క సరిపోయినది. ఆ విద్య నతడు నేర్చుకొన్న క్షణముననే, అంతకాలము ఆతని నావహించియున్న కలి శరీరము వెడలిపోయెను. తపమువలన గాని, యొట్టువలన గాని, సిగ్గువలన గాని కలి పోలేదు. లెక్క తెలిసినప్పుడు పోయెను.

కావున నా మనవి యేమనగా, పట్టుదలను గుణముగా పొగడుటయు, విడుచుటను పిరికితనముగా నిందించుటయు మానుదము. విడుచుటయే వివేకమని తలంచుటయు సరిగాదు. నాలుగు గింజలకు నలుబది వచ్చునప్పుడు నిలువవలసినదే. చేతిలోని ముక్క యెంత మంచిదని గాక, ఇకమీద పెట్టవలసిన దెంత, రాదగిన దెంత, వచ్చు నాశ యెంత యని మూడు ప్రశ్నలు ఇంటిలో నందరి యెదుట, ముఖ్యముగా ఎవరి సొమ్ము కరగిపోవునో వారి యెదుట, అడిగి తీర్మానింపవలెను. మా మేనకోడలు ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. మా యన్న చేనిలో ఆ యేడు కంది వేసిరి. పంట సామాన్యముగా వచ్చినది.